వాట్సాప్ లిస్టులో గడ్డిమందు, ఆవకాయ, కలబంద, చుట్ట అన్నీ క్యాన్సరే అంటున్నారు, అన్నీ ఒకటేనా? తెలిసినవాళ్ళు చెప్పండి

పాలకొల్లు శ్రీను

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, నేను ఉద్యోగం మీద హైదరాబాద్‌లో ఉంటాను, ఇంటి దగ్గర అమ్మ నాన్న తమ్ముడు మామ్మ. ఈమధ్య మా వీధిలో ఒకాయనకి లివర్ క్యాన్సర్ అని తేలింది, మందు అలవాటు కూడా లేని మనిషి, అప్పటినుంచి మా అమ్మకి ఒకటే భయం. ఆ టైములోనే ఎవరో వాట్సాప్‌లో ఒక లిస్టు పంపారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ కారకాలు అని ప్రకటించినవట, అందులో గ్లైఫోసేట్, టూ ఫోర్ డి అనే గడ్డిమందులు, ఫార్మాలిన్, ఎండుచేప, పచ్చళ్ళు, కలబంద, సెల్‌ఫోను, వక్క, పొగాకు, కల్లు, సారా అన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

అమ్మ ఆవకాయ జాడీ మూతకి గుడ్డ కట్టి అటక మీద పెట్టేసింది, పెరట్లో కలబంద పీకేసింది. నాన్న సార్వాకీ దాళ్వాకీ గట్ల మీద గడ్డిమందు కొడతారు, పొలం కౌలుకి ఇచ్చెయ్యి అని రోజూ గొడవ. తమ్ముడేమో సహజంగా దొరికేవి ఏమీ చెయ్యవు, కెమికల్సే అసలు సమస్య అంటాడు. మామ్మకి ఎనభై దాటింది, లంక పొగాకు చుట్ట కాలుస్తుంది, అది ఆకే కదరా మందు కాదు కదా అంటుంది, ఆవిడ జోలికి ఎవరూ వెళ్ళట్లేదు.

నాకు తెలియాల్సింది ఏంటంటే అసలు ఈ లిస్టు ఎవరు ఎలా తయారుచేస్తారు, ఎలకల మీద చేసిన పరీక్ష మనకి ఎంతవరకు వర్తిస్తుంది, మా ఇంట్లో దేని గురించి నిజంగా కంగారుపడాలి. దయచేసి భయపెట్టేవి ఫార్వర్డ్ చెయ్యకండి, ఇప్పటికే చాలా వచ్చాయి.

అమలాపురం టాక్సికాలజీ

శ్రీను గారూ నాది ఇదే సబ్జెక్టు, కొంచెం పొడుగ్గా రాస్తాను ఓపిక పట్టండి.

ఆ లిస్టు ఫ్రాన్స్‌లో లియోన్ ఊళ్ళో ఉన్న ఐఏఆర్‌సీ అనే సంస్థది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందే ఉంటుంది, 1965లో పెట్టారు. వెయ్యికి పైగా వాటిని ఇప్పటిదాకా పరిశీలించారు. గ్రూప్ 1, 2ఎ, 2బి, 3 అని పెడతారు. అందరూ పొరపడేది ఇక్కడే, గ్రూప్ నంబరు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో, అంతేగానీ ఆ వస్తువు ఎంత ప్రమాదమో కాదు. గ్రూప్ 1 అంటే మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తుందని రుజువైంది అని అర్థం, 2ఎ అంటే బహుశా తెప్పిస్తుంది అని, 2బి అంటే తెప్పించే అవకాశం ఉండొచ్చు అని. అందులో పొగాకు ఉంది, 2015లో చేర్చిన ప్రాసెస్ చేసిన మాంసం కూడా ఉంది, అంతమాత్రాన ఒక సాసేజ్ ముక్కా ఒక చుట్టా సమానం అని కాదు. గోదారి లోతు అని చెప్పడం వేరు, నువ్వు మునిగిపోతావని చెప్పడం వేరు, గట్టు మీద ఉన్నావా పీకల్లోతు దిగావా అన్నదాన్ని బట్టి కదా. ఆ రెండో లెక్క ఐఏఆర్‌సీ కట్టదు, అది ఆహార భద్రతా సంస్థలూ పురుగుమందుల నియంత్రణ సంస్థలూ కడతాయి.

మీ లిస్టులోవి ఒక్కొక్కటి చూద్దాం. పచ్చళ్ళు అన్నది 1993లో 2బి గ్రూపులో పెట్టారు, వాళ్ళు చూసింది చైనా కొరియా జపాన్ వైపు పులియబెట్టే కూరగాయలు, మన ఆవకాయ కాదు. ఉప్పు ఎక్కువ అన్న మాట నిజమే, బీపీ ఉంటే తగ్గించండి, జాడీ మాత్రం అటక మీద నుంచి దింపుకోవచ్చు. ఎండుచేప కూడా అంతే, గ్రూప్ 1లో ఉన్నది దక్షిణ చైనా వైపు కొంచెం మురగనిచ్చి ఉప్పుపెట్టే ఒక రకం, చిన్నప్పటినుంచీ తింటే ముక్కు వెనకాల వచ్చే క్యాన్సర్‌తో దానికి సంబంధం దొరికింది. మిగతా ఉప్పుచేపలు గ్రూప్ 3, అంటే తేల్చడానికి సాక్ష్యం చాలదు అని. కలబంద విషయంలో మొత్తం ఆకు నుంచి, తోలు కింద కారే పసుపురంగు పాలతో సహా తీసిన సారాన్ని నీళ్ళలో కలిపి ఎలకలకి రెండేళ్ళు తాగిస్తే పెద్దపేగులో గడ్డలు వచ్చాయి, చిట్టెలుకల్లో రాలేదు. పైన తోలూ పసుపు పాలూ తీసేసి లోపలి గుజ్జు ముఖానికి రాసుకోవడానికీ దానికీ పొంతన లేదు. కానీ ఆకు మొత్తం మిక్సీలో వేసి రోజూ పరగడుపున తాగేవాళ్ళు ఉంటే మాత్రం మానమనే చెప్తాను. సెల్‌ఫోను 2011లో 2బి, సాక్ష్యం బలహీనం.

ఇంకో సంగతి, లిస్టు నుంచి దిగిపోయేవి కూడా ఉంటాయి. 1991లో కాఫీని మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతో 2బిలో పెట్టారు, 2016లో మళ్ళీ చూసి గ్రూప్ 3కి తీశారు. అదే మీటింగ్‌లో 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు ఏవైనా సరే అన్నవాహికకి మంచిది కాదని 2ఎలో పెట్టారు, తప్పు వేడిది, కాఫీది కాదు. పొగలు కక్కే టీ గటగటా తాగేవాళ్ళు మనలో చాలామంది, రెండు నిమిషాలు చల్లారనిస్తే చాలు.

ఇక ఎలకల సంగతి. 1915లో జపాన్‌లో యామగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ళ చెవులకి నెలల తరబడి తారు పూస్తూ పోతే క్యాన్సర్ వచ్చింది, ప్రయోగశాలలో రసాయనంతో క్యాన్సర్ తెప్పించి చూపించడం అక్కడ మొదలైంది. ఇప్పుడైతే ఎలకలు చిట్టెలుకలు, ఒక్కో మోతాదుకి మగవి 50 ఆడవి 50, రెండేళ్ళ పాటు, అంటే దాదాపు వాటి జీవితమంతా. పై మోతాదు అవి తట్టుకోగలిగినంత ఎక్కువ పెడతారు, ఎందుకంటే 50 ఎలకల్లో చిన్న తేడా కనపడదు. అందుకే ఎలకకి వచ్చినంత మాత్రాన మనకి వస్తుందని చెప్పలేం. చక్కెర బదులు వాడే సాకరిన్ ఉంది కదా, 1970ల్లో మగ ఎలకల మూత్రాశయంలో గడ్డలు వచ్చాయని పెద్ద గోల అయింది, తర్వాత చూస్తే వాటి మూత్రంలో ప్రోటీనూ కాల్షియం ఫాస్ఫేటూ ఎక్కువ కాబట్టి సాకరిన్‌తో సన్న స్ఫటికాలు ఏర్పడి లోపలి పొరని గీరుతున్నాయని తేలింది. మనకి అలా జరగదు. 1999లో ఐఏఆర్‌సీ దాన్ని గ్రూప్ 3కి మార్చింది.

ఎలకలే కాదు, బ్రూస్ ఏమ్స్ అనే ఆయన 1970ల్లో ఇంకో పరీక్ష కనిపెట్టారు, పెరగడానికి కావాల్సిన హిస్టిడిన్ అనే పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియా తీసుకుని దానికి ఆ రసాయనం, కొంచెం ఎలక కాలేయం సారం కలిపి పళ్ళెంలో పెడతారు, డీఎన్ఏ మారితే బ్యాక్టీరియా మళ్ళీ పెరగడం మొదలెడుతుంది, రెండు రోజుల్లో తెలిసిపోతుంది. కాలేయం ఎందుకంటే కొన్ని మన ఒంట్లోకి వెళ్ళాకే విషంగా మారతాయి. మీ తమ్ముడికి ఈయన గురించి చెప్పండి. మొక్కలు పురుగుల నుంచి కాపాడుకోడానికి సొంతంగా చేసుకునే రసాయనాలు మనం తిండిలో రోజూ తింటున్నామనీ, బరువులో లెక్కేస్తే మనం తినే పురుగుమందుల్లో 99.99 శాతం అవేననీ 1990లో లెక్క కట్టి చూపించింది ఆయనే. ఆ సహజమైన వాటిల్లో ఎలకల మీద పరీక్షించిన వాటిలో సుమారు సగం గడ్డలు తెప్పించాయి. అందుకని కూరగాయలు మానమని ఆయన అనలేదు, పళ్ళూ కూరగాయలూ ఇంకా తినమనే అన్నారు.

రాజోలు రైతు

ఆయ్, పైన డాక్టరు గారు బాగా చెప్పారండి. నేను గడ్డిమందు గురించి మాత్రం చెప్తాను, నేనూ కొడతాను కాబట్టి.

శ్రీను గారూ నాన్నగారికి అరవై దాటి ఉంటే ఆయన చిన్నతనంలో గమాక్సిన్ అనే పురుగుమందు పొడి చేత్తో చల్లి ఉంటారు, మా నాన్న తలకి తుండుగుడ్డ చుట్టుకుని చొక్కా లేకుండా చల్లేవాడు, ఒళ్ళంతా తెల్లగా అయిపోయేది, అలాగే వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగేవాడు. ఆ గమాక్సిన్‌నే బీహెచ్‌సీ అంటారు, మన దేశంలో 1997లో ఆపేశారు. అందులో ఉండే లిండేన్‌నే 2015లో గ్రూప్ 1లో పెట్టారు, రక్తానికి సంబంధించిన ఒకరకం క్యాన్సర్‌తో సంబంధం ఉందని. అదే ఏడు గ్లైఫోసేట్, మలాథియాన్ అనే పురుగుమందు 2ఎలోకి వెళ్ళాయి, టూ ఫోర్ డి 2బి.

గ్లైఫోసేట్ మీద 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని. షాపులో ఇచ్చేవాడు ఇస్తూనే ఉంటాడు కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు అది వేరే సంగతి. మా గట్లు ఇప్పుడు మనిషిని పెట్టి కొడవలితో కోయిస్తున్నా, కూలి ఎక్కువే, కాదనను.

ఏ మందైనా సరే అసలు దెబ్బ కలిపేటప్పుడు తగులుతుంది, డబ్బాలో ఉన్నది చిక్కటి మందు, అది చేతి మీద పడితే మడిలో కొట్టేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనవాళ్ళు చెయ్యి పెట్టి కలుపుతారు. తర్వాత వీపు మీద ట్యాంకు కారుతుంది, ఆ తడి చొక్కా సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. నాజిల్‌లో చెత్త పడితే నోటితో ఊదుతారండీ, నేను కళ్ళారా చూస్తుంటాను, నాకు ఒళ్ళు మండుతుంది. నాన్నగారికి రబ్బరు గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా, బూట్లు కొనివ్వండి, ట్యాంకు వాషర్ మార్పించండి, గాలికి ఎదురు కొట్టొద్దనండి, మందు కొట్టిన బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దని అమ్మగారికి చెప్పండి. పొలం కౌలుకి ఇస్తే ఆ కౌలు రైతు అదే మందు కొడతాడు కదండీ, వాడికీ ఒళ్ళే.

మట్టివాసన

నాకు ఒక అభ్యంతరం ఉంది. మోతాదు మోతాదు అని అందరూ కంపెనీలకి అనుకూలంగా మాట్లాడుతున్నట్టు ఉంది. అమెరికాలో ఒక స్కూల్లో తోటపని చేసే మనిషికి గ్లైఫోసేట్ వల్లే లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చిందని 2018లో కోర్టులో జ్యూరీ తీర్పు ఇచ్చింది, ఆ మందు తయారుచేసిన మోన్‌శాంటో కంపెనీని కొనుక్కున్న బేయర్ 2020లో దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు సెటిల్మెంట్‌కి ఒప్పుకుంది. తప్పు లేకుండా అంత డబ్బు ఎవరైనా ఇస్తారా. మన రైతుల కోసం కోర్టుకి ఎవరు వెళ్తారు? నేను మా అత్తగారి ఊళ్ళో రెండెకరాలు మందుల్లేకుండా చేస్తున్నా, దిగుబడి తక్కువే, కానీ నా పిల్లలు ఆ చేలో ఆడుకుంటారు, నాకు అది చాలు.

అమలాపురం టాక్సికాలజీ

మట్టివాసన గారూ మీ కోపం అర్థమైంది, మందుల్లేకుండా చేస్తున్నందుకు మీ మీద గౌరవం కూడా ఉంది. కోర్టు చూసేది వేరు సైన్సు చూసేది వేరు, అయినా మీరు అడిగిన దాంట్లో అసలు ప్రశ్న ఉంది. ఐఏఆర్‌సీ అందరికీ దొరికే, ప్రచురించిన పరిశోధనలు మాత్రమే చూస్తుంది, అమెరికా ఈపీఏ లాంటి పురుగుమందుల నియంత్రణ సంస్థలు కంపెనీలు ఇచ్చిన ప్రచురించని రిపోర్టులు కూడా తీసుకుంటాయి. ఒకరు 2ఎ అనడానికీ ఇంకొకరు క్యాన్సర్ రాకపోవచ్చు అనడానికీ అదొక కారణం. మీ అనుమానం అక్కడ న్యాయమే.

ఇంకోవైపు అయోవా, నార్త్ కరొలైనా రాష్ట్రాల్లో మందు కొట్టే లైసెన్సున్న 54 వేల మందికి పైగా, ఎక్కువగా రైతులని, ఏళ్ళ తరబడి గమనించారు, 2018లో అచ్చయింది, మొత్తం మీద గ్లైఫోసేట్‌కీ లింఫోమాకీ సంబంధం కనపడలేదు. అందరికంటే ఎక్కువ వాడినవాళ్ళలో ఒకరకం రక్త క్యాన్సర్ కొంచెం ఎక్కువ అనిపించింది, కానీ ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత గట్టిగా లేదు. అది నేను కొట్టిపారెయ్యను. పైగా వాళ్ళలో చాలామంది ట్రాక్టర్ మీద కూర్చుని కొట్టేవాళ్ళు, రాజోలు రైతు గారు చెప్పిన కారే ట్యాంకు, నోటితో ఊదే నాజిల్ ఆ లెక్కలో ఉండవు. కాబట్టి అక్కడ ఏం కాలేదు గనక ఇక్కడా ఏం కాదు అని నేనైతే రాసివ్వను. మన డెల్టా కూలీల మీద అలా ఏళ్ళ తరబడి చూసే పరిశోధన జరగాలి, అది అడగాల్సిన మాట.

పళ్ళ డాక్టర్, కాకినాడ

అందరూ గడ్డిమందు దగ్గరే ఆగిపోయారు, శ్రీను గారి ఇంట్లో గ్రూప్ 1 వస్తువు మామ్మగారి చేతిలో ఉంది. ఆకు కదా అంటే ఎలా అండీ, పొగాకు మీద ఉన్నంత సాక్ష్యం ఇంకే రసాయనం మీదా లేదు. ఆకు ఆరబెట్టి పదునుపెట్టేటప్పుడే నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు తయారవుతాయి, ఎవరూ కలపక్కర్లేదు. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ 1947లోనే పెట్టారు, లంక పొగాకు మన ప్రాంతం పంటే, దాని మీద బతికిన కుటుంబాల వాళ్ళు నా దగ్గరికే నోటి పుండ్లతో వస్తారు, చెప్పేటప్పుడు నాకూ కష్టంగా ఉంటుంది.

ముఖ్యంగా అడగాల్సింది, మామ్మగారు అడ్డపొగ తాగుతారా, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని? శ్రీకాకుళం విశాఖ వైపు ఆడవాళ్ళలో ఎక్కువ, మన వైపూ చూశాను. 1971లో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి అడ్డపొగకీ అంగిలి మీద వచ్చే మచ్చలూ మార్పులకీ సంబంధం చూపిస్తూ పేపరు రాశారు. అంగిలి క్యాన్సర్ మామూలుగా అరుదు, అడ్డపొగ తాగేచోట మాత్రం అరుదు కాదు. అలాగే వక్క, పొగాకు లేకుండా ఒట్టి వక్క నమిలినా గ్రూప్ 1, 2004లో వచ్చిన ఐఏఆర్‌సీ పుస్తకంలో ఉంది. పెళ్ళిళ్ళలో ఒక తాంబూలం గురించి కాదు నేను అనేది, రోజంతా బుగ్గన పెట్టుకునే అలవాటు గురించి. కల్లు కూడా అంతే, చెట్టు నుంచి దించినా ఆల్కహాల్ ఆల్కహాలే, 1988 నుంచీ గ్రూప్ 1.

మామ్మగారిని పగటి వెలుగులో కూర్చోబెట్టి టార్చ్ వేసి అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద చూడండి. తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, మొదట్లో నొప్పి ఉండదు.

భీమవరం చెరువులు

ఫార్మాలిన్ మాట వచ్చింది కాబట్టి. 2018లో మన చేపల్లో ఫార్మాలిన్ ఉందని అస్సాం కొన్నాళ్ళు ఆపేసింది, ఇక్కడ రైతులు రోడ్డున పడ్డారు. ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ గ్రూప్ 1 నిజమే, కానీ ఆ రుజువు ముఖ్యంగా గాలిలో పీల్చేవాళ్ళ మీద. చేపలోనూ మన ఒంట్లోనూ కొంచెం సహజంగానే ఉంటుంది. చేపలో కలపడం తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే నాకు ఎక్కువ బాధ హేచరీల్లో ముక్కుకి గుడ్డ కూడా లేకుండా ఫార్మాలిన్ డబ్బాలు వంచే కుర్రాళ్ళ గురించి. చేపల తెగుళ్ళకి వాడే మలకైట్ గ్రీన్ అనే రంగు కూడా ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు, అది చేప ఒంట్లో ల్యూకోమలకైట్ గ్రీన్‌గా మారి చాలాకాలం ఉండిపోతుంది, అది 2బి, చేపల చెరువుల్లో వాడకం నిషేధం.

పాలకొల్లు శ్రీను

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అమ్మకి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. నాన్నకి గ్లవుజులు, బూట్లు ఆర్డర్ పెట్టాను, గట్లు ఈ దాళ్వాకి కోయిద్దామన్నారు. మామ్మ అడ్డపొగ కాదట, మామూలుగానే కాలుస్తుంది, కానీ తమ్ముడు టార్చ్ వేసి చూస్తే అంగిలి మీద తెల్లగా ఏదో ఉంది అంటున్నాడు, సోమవారం తీసుకెళ్తున్నారు. ఒక్క డౌటు మిగిలింది, మా వీధి ఆయనకి మందు లేదు చుట్ట లేదు, మరి లివర్‌కి ఎందుకు వచ్చినట్టు? మాకు రెండు గేదెలున్నాయి, వేరుశనగ చెక్క పెడతాం, బూజు పట్టిన చెక్కలో లివర్ పాడుచేసే విషం ఉంటుందని తమ్ముడు ఎక్కడో చదివాడట.

అమలాపురం టాక్సికాలజీ

మామ్మగారిని తీసుకెళ్ళడం మంచి పని చేస్తున్నారు. ఒక మనిషికి ఎందుకు వచ్చిందో బయట నుంచి ఎవరూ చెప్పలేరు, ఆ ఇంటివాళ్ళని ఆ ప్రశ్న అడగొద్దు. మన దేశంలో లివర్ క్యాన్సర్ వెనకాల ఎక్కువగా కనపడేది హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మందు తాగడం, ఇప్పుడు కొవ్వు కాలేయం కూడా.

తమ్ముడు చదివింది నిజం. దాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు, ఆస్పెర్జిల్లస్ అనే బూజు చేస్తుంది, పూర్తిగా సహజం, గ్రూప్ 1. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే వెతుక్కుంటూ పోగా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. మన దగ్గర 1974లో గుజరాత్ రాజస్థాన్ వైపు అకాల వర్షాలకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి చనిపోయారు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళు వెళ్ళి కారణం పట్టుకున్నారు. క్యాన్సర్ సంగతికొస్తే షాంఘైలో చూసినదాని ప్రకారం ఈ విషం ఒక్కటే ఒంట్లోకి వెళ్ళినవాళ్ళకి ముప్పు సుమారు 3 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే 7 రెట్లు, రెండూ కలిస్తే 60 రెట్ల దగ్గరికి వెళ్ళింది. అందుకే ఇంట్లో అందరూ ఒకసారి హెపటైటిస్ బి రక్తపరీక్ష చేయించుకోండి, వైరస్ లేదని తేలితే టీకా వేయించుకోండి, చవకైనదే.

చెక్క విషయానికి వస్తే, బూజు వాసన వచ్చినా ఆకుపచ్చగా కనపడినా గేదెలకి పెట్టొద్దు, ఆ విషం పాలలోకి ఇంకో రూపంలో దిగుతుంది, మన దేశంలో పాలకి పరిమితి కిలోకి 0.5 మైక్రోగ్రాములు. బూజు దులిపేసి ఎండబెట్టినా ఉడకబెట్టినా లోపలి విషం పోదు. బస్తాలు నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, గోడకి ఆనకుండా పెట్టండి, మన డెల్టా తేమకి వానాకాలంలో చెక్క ఎక్కువ నిలవ పెట్టొద్దు, నెలకి సరిపడా మాత్రమే కొనండి. ఇంట్లో తినే పల్లీల్లో ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా తగిలినవి ఏరి పారెయ్యండి, కోళ్ళకి కూడా వెయ్యొద్దు.